డాన్యూబ్ జనసందోహం చాలు: యూరప్‌లో సైకిల్ మీద ప్రశాంతంగా తిరగాలంటే ఎటు వెళ్ళాలి?

ఇసార్_గట్టు (మ్యూనిక్)

అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టులో ఇంటిల్లిపాదీ పాస్సౌ నుంచి వియన్నా దాకా డాన్యూబ్ వెంబడి సైకిల్ తొక్కాం. దారికి వంక పెట్టడానికి లేదు. నున్నటి తారు, అడుగడుగునా బోర్డులు, నది పక్కనే. కానీ ఆ జనం ఏమిటండీ బాబూ! క్రూజ్ పడవలోంచి ఒక గుంపు దిగుతుంది, అందరివీ ఒకే రంగు అద్దె సైకిళ్ళు, బెల్లు మీద బెల్లు. ష్లోగెన్ మలుపు దగ్గర అవతలి ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవ కోసం క్యూలో నిలబడి మా పాప, "నాన్నా, ఇది కూకట్‌పల్లి సిగ్నల్ లాగే ఉంది" అంది.

ఈసారి ఫింగ్స్ట్ (పెంతెకోస్తు పండుగ) సెలవుల్లో, అంటే జూన్ మొదట్లో, ఒక వారం దొరుకుతుంది. పాపకి పదకొండేళ్ళు. రోజుకి 40 కిలోమీటర్లు హాయిగా తొక్కుతుంది, కొండలు వస్తే మూతి ముడుస్తుంది. మేం ముగ్గురం శాకాహారులం. విమానం వద్దని ముందే తీర్మానించుకున్నాం. జనం తక్కువ ఉండాలి, మనం పెట్టే ఖర్చులో నాలుగు రూకలు ఆ ఊరి వాళ్ళకే మిగలాలి. ఎక్కడికి వెళ్ళమంటారు?

చక్రధారి (డ్రెస్డెన్)

ఫింగ్స్ట్ అనగానే మ్యూనిక్ వాళ్ళంతా బోడెన్‌జే సరస్సు చుట్టూనో, ఆల్ట్‌మ్యూల్ లోయలోనో వాలిపోతారు. మీరు తూర్పుకి రండి. బవేరియా బడులకు రెండు వారాల సెలవులు కానీ, ఇటు సాక్సనీ, బ్రాండెన్‌బర్గ్‌లలో అంత సెలవులు ఉండవు. మీకు సెలవు, ఇక్కడి వాళ్ళకి పనిదినం. ఆ వారం కలిసొచ్చేది అదే.

నా ఓటు ఓడర్-నైసె దారికి. చెక్ కొండల్లో నైసె నది పుట్టే చోట మొదలై, జర్మనీ-పోలండ్ సరిహద్దు వెంబడి సాగి, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉజెడోమ్ దీవిలో ముగుస్తుంది. మొత్తం 630 కిలోమీటర్లు. అంతా తొక్కక్కర్లేదు. పాపతో అయితే జిట్టావ్ నుంచి ఫోర్స్ట్ దాకా చాలు. మొదట్లో కాస్త ఎగుడుదిగుడు, తర్వాత దాదాపు చదునే.

జిట్టావ్‌కి డ్రెస్డెన్ నుంచి లోకల్ రైలు ఉంది. అక్కడి నుంచి గోర్లిట్స్ 40 లోపే. మధ్యలో ఓస్ట్రిట్స్ దగ్గర సెయింట్ మరీన్‌థాల్ సన్యాసినుల మఠం వస్తుంది. 1234లో పెట్టింది, ఇప్పటికీ సన్యాసినులు ఉన్నారు, బస కూడా ఇస్తారు. గోర్లిట్స్‌లో ఒక రోజు ఆగండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పెద్దగా పడని ఊరు కాబట్టి పాత వీధులు పాతగానే ఉన్నాయి. 2004లో కట్టిన కాలినడక వంతెన దాటితే పోలండ్‌లో ఉంటారు. పొద్దున ఇటు కాఫీ, మధ్యాహ్నం అటు భోజనం. ఆ తర్వాత రోటెన్‌బర్గ్‌లో ఒక రాత్రి, బాడ్ మస్కావ్‌లో ఒక రాత్రి. మస్కావ్ పార్కు కొంత జర్మనీలో, ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంటుంది. 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చివర్లో ఫోర్స్ట్. అక్కడ 1913 నాటి గులాబీ తోట ఉంది, జూన్‌లోనే చూడాలి. ఊరి పక్కనే 1945లో కూలిన వంతెన మొండి స్తంభాలు నదిలో అలాగే నిలబడి ఉన్నాయి. మీ అమ్మాయి తప్పకుండా ఏమిటని అడుగుతుంది, చరిత్ర కాస్త చదువుకుని వెళ్ళండి.

దారి పొడుగునా జంటలు జంటలుగా సరిహద్దు స్తంభాలు కనిపిస్తాయి. ఇటు ఒడ్డున నలుపు-ఎరుపు-పసుపు, అటు ఒడ్డున ఎరుపు-తెలుపు, ఒక్కోదానికీ ఒక నంబరు. పాపని లెక్కపెట్టమంటే మీకు గంట విశ్రాంతి.

పెడల్_పద్మ (ఐండ్‌హోవెన్)

చక్రధారి గారు చెప్పింది మంచి దారే. కానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, రోజూ బ్యాగులు సర్దే టూర్ వద్దు. ఒక చోట మకాం పెట్టి చుట్టుపక్కల తిరగండి.

అందుకు నెదర్లాండ్స్, బెల్జియంలలో ఉన్న నంబర్ల పద్ధతి సాటిలేనిది. కూడలి కూడలికీ ఒక నంబరు ఉంటుంది. పొద్దున చీటీ మీద 34, 61, 07, 12 అని రాసుకుని బోర్డులు చూసుకుంటూ వెళ్ళిపోవడమే, ఫోన్ తీయక్కర్లేదు. దీన్ని 1995 ప్రాంతంలో బెల్జియం లింబుర్గ్‌లో మొదలుపెట్టారు. ఆలోచన ఒక గని ఇంజినీరుది.

జనం తక్కువ కావాలంటే ఉత్తరాన డ్రెంతె. పొదల మైదానాలు, గొర్రెల మందలు, ఐదు వేల ఏళ్ళ నాటి రాతి సమాధులు. నెదర్లాండ్స్‌లో మిగిలిన 54 రాతి సమాధుల్లో 52 అక్కడే ఉన్నాయి. వ్లీలాండ్ దీవి కూడా బాగుంటుంది, టూరిస్టుల కార్లను దీవిలోకి రానివ్వరు. జూలై, ఆగస్టుల్లో మాత్రం అటు పోవద్దు.

డచ్ రైళ్ళలో పనిదినాల్లో రద్దీ వేళల్లో సైకిల్ ఎక్కనివ్వరు, అది గుర్తుంచుకోండి.

ఓరుగల్లు_రైడర్ (బియావిస్తోక్, పోలండ్)

అన్నా, నైసె దాకా వచ్చినోళ్ళు ఇంకొంచెం ముందుకు రావచ్చు కదా! పోలండ్ తూర్పు అంచున గ్రీన్ వేలో అని దారి ఉంది. దాదాపు 2,000 కిలోమీటర్లు, ఐదు రాష్ట్రాల మీదుగా పోతుంది. నారింజ రంగు బోర్డులు ఉంటాయి. సైకిల్ వాళ్ళ కోసమే కప్పు, బల్లలు, సైకిల్ స్టాండ్ ఉన్న మజిలీలు 200 పైచిలుకు కట్టారు. ఎండ ముదిరితే అక్కడే కూలబడి అన్నం తినొచ్చు.

మా దగ్గర తికోచిన్ పక్కన పెంతోవో అని కొంగల ఊరు ఉంది. ఒక్క ఆవరణలోనే ఎన్నో గూళ్ళు, జూన్ నాటికి పిల్లలు తలలు బయటపెట్టి ముక్కులు టకటకలాడిస్తుంటాయి. అక్కడి నుంచి ఆగ్నేయానికి పోతే త్షెష్‌చాంక, సొట్సే, పుహ్వీ అని మూడు పల్లెలు. కర్ర ఇళ్ళు, కిటికీ తలుపుల మీద చెక్కిన నగిషీ, దాని మీద నీలం, ఆకుపచ్చ రంగులు. మస్తుగ ఉంటది. బయట అరుగు మీద ముసలమ్మ తప్ప మనిషి కనిపించదు.

ఉన్న మాట చెప్పాలి. గ్రీన్ వేలో అంతా విడి సైకిల్ దారి కాదు. చాలా చోట్ల ఊరి రోడ్డు మీదే తొక్కాలి, కొన్నిచోట్ల ఇసుక. సన్న టైర్లతో వస్తే తోసుకుంటూ నడవాల్సిందే. బెలారస్ సరిహద్దు వెంబడి కొన్ని చోట్ల ప్రవేశం నిషేధించారు, బియావొవీజా అడవి వైపు వెళ్ళేవాళ్ళు ఆ రోజు పరిస్థితి ఏమిటో బస ఇచ్చేవాళ్ళని అడిగి కదలాలి. పదకొండేళ్ళ పాపతో మొదటిసారే ఇది పెట్టుకోవద్దన్నా, ఇంకో రెండేళ్ళు ఆగు.

తిండి సంగతి. పియెరోగి రుస్కియె అడుగు. కజ్జికాయల్లా మడిచి ఉడికించేవి, లోపల ఆలుగడ్డ, పనీర్ లాంటి తెల్ల జున్ను. కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతరు, ముందే "బెజ్ స్క్వారెక్" అని చెప్పు. కార్తాచె జోలికి పోకు. బయటికి ఆలుగడ్డే, లోపల మాంసం.

స్పోక్స్_శాస్త్రి (లక్సెంబర్గ్)

అందరూ ఊళ్ళ పేర్లు చెబుతున్నారు, రైలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. పర్యావరణం లెక్క సైకిల్ ఎక్కకముందే సగం తేలిపోతుంది. ఇంటి నుంచి మొదటి పెడల్ దాకా ఎలా వెళ్ళారన్నదే ప్రధానం. విమానంలో రెండు వేల కిలోమీటర్లు ఎగిరి, అక్కడ మూడు రోజులు సైకిల్ తొక్కి "గ్రీన్ హాలిడే" అని ఫొటో పెట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇసార్ గారూ, జర్మనీలో దూరప్రయాణం రైళ్ళలో సైకిల్‌కి టికెట్టుతో పాటు రిజర్వేషన్ తప్పనిసరి. ఐసీఈ అనే వేగం రైళ్ళు అన్నిట్లోనూ సైకిల్ చోటు ఉండదు, ఉన్నవాటిలోనూ వేసవి శనివారాలవి ముందే అయిపోతాయి. చోటు దొరక్కపోతే లోకల్ రైళ్ళు మారుతూ వెళ్ళండి, వాటిలో సైకిల్ టికెట్టు కొంటే చాలు. కాకపోతే రద్దీగా ఉంటే ఎక్కనివ్వకపోవచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్టు (లోకల్ రైళ్ళకి దేశమంతా చెల్లే నెలవారీ టికెట్టు) మనిషికే, సైకిల్‌కి వర్తించదు. 2021లో చేసిన ఈయూ రైలు ప్రయాణికుల హక్కుల నిబంధనలో, కొత్తగా కొనే రైళ్ళకీ పూర్తిగా తిరగతోడే రైళ్ళకీ కనీసం 4 సైకిళ్ళ చోటు ఉండాలని పెట్టారు. అది అమల్లోకి వచ్చింది 2025 జూన్‌లో. ఇప్పుడు పట్టాల మీద తిరిగే పాత రైళ్ళకి అది తగలదు, కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

నా ఎంపిక వెన్‌బాన్. ఆహెన్ నుంచి ట్రోవియెర్జ్ దాకా 125 కిలోమీటర్లు, జర్మనీ, బెల్జియం, లక్సెంబర్గ్ మూడూ తగులుతాయి. పాత రైలు కట్ట కాబట్టి ఎత్తు ఎక్కుతున్నా ఎక్కడా రెండు శాతం మించదు. పాప మూతి ముడవదు. చివర్లో ట్రోవియెర్జ్ స్టేషన్‌లో రైలెక్కితే మా దేశంలో ఎక్కడికైనా ఉచితం. 2020 నుంచి ఇక్కడ రెండో తరగతి రైళ్ళు, బస్సులు, ట్రాములకు టికెట్టే లేదు. రైల్లో సైకిల్‌కి కూడా డబ్బు తీసుకోరు. మోన్‌షావ్ దగ్గర వారాంతం జనం ఉంటారు, సోమవారం దాటేలా చూసుకోండి.

పెడల్_పద్మ (ఐండ్‌హోవెన్)

ఒక మాట. ఇలా పల్లెల పేర్లతో సహా బయటపెట్టడం నాకు అంత ఇష్టం లేదు. వ్లీలాండ్ గురించి రాసి ఇప్పుడు ఈ మాట అనడం ఏమిటంటారేమో, అది ఎప్పుడో అందరికీ తెలిసిన చోటు. ఆ కిటికీల పల్లెల ఫొటోలు నాలుగు రీల్స్‌లో పడితే ఆ ముసలమ్మ అరుగు మీద కూర్చోగలదా? ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఏమైందో చూశాం కదా. ఎనిమిది వందల మంది కూడా లేని ఊరికి రోజుకి వేలల్లో జనం.

ఓరుగల్లు_రైడర్ (బియావిస్తోక్, పోలండ్)

అక్కా, నీ బాధ అర్థమైంది. కానీ ఆ ముసలమ్మ నాతో ఏమన్నదో విను. పిల్లలు వార్సాకో ఐర్లండ్‌కో పోయిండ్రు, పక్కిల్లు తాళం, ఆ పక్కిల్లు తాళం. ఊళ్ళో ఉన్న ఒక్క దుకాణం ఈ ఏడు ఉంటదో పోతదో తెలియదన్నది. మనకు ప్రశాంతం అనిపించేది వాళ్ళకు ఊరు ఖాళీ అవ్వడం. సైకిల్ మీద వచ్చేటోడు కారోడిలా ఫొటో దిగి పోలేడు కదా. ఆకలైతది, రాత్రి పడుకోవాలి, ఆగి తీరాల్సిందే.

వెళ్ళేది నలుగురైదుగురుగా వెళ్ళండి, బస ఊళ్ళోనే తీసుకోండి. అడగకుండా మనుషుల ఫొటోలు తీయకండి. అంతే.

చక్రధారి (డ్రెస్డెన్)

రైడర్ మాటకి నా వంతు. గోర్లిట్స్ జనాభా 1980ల చివర్లో 75 వేల పైన, ఇప్పుడు 56 వేల చుట్టూ ఉంది. ఖాళీ ఇళ్ళు ఎన్నంటే, కొన్ని వారాలు ఊరికే ఉండి చూడండి, నచ్చితే ఇక్కడికే మారండి అని నగరపాలక సంస్థే జనాన్ని పిలిచింది. అటువంటి చోట మీరు రెండు రాత్రులు ఉండి, రెండు పూటలు తింటే ఎవరికీ భారం కాదు. హాల్‌స్టాట్‌తో పోల్చడం సరికాదు, పద్మ గారూ.

ఇసార్ గారు నాలుగు రూకలు ఊరి వాళ్ళకి మిగలాలి అన్నారు కదా. నైసె ఒడ్డు పల్లెల్లో గేటు బయట చిన్న బల్ల వేసి ఉంటుంది. దాని మీద కోడిగుడ్ల అట్టపెట్టెలు, తేనె సీసాలు, జూన్‌లో అయితే స్ట్రాబెర్రీలు. పక్కన చిల్లు పెట్టిన డబ్బా, ధర రాసిన చీటీ, మనిషి ఉండడు. డబ్బులు డబ్బాలో వేసి తీసుకుపోవడమే. కార్డు పనిచేయదు కాబట్టి చిల్లర దండిగా ఉంచుకోండి.

బసకి "బెట్ ఉంట్ బైక్" గుర్తు ఉన్న ఇళ్ళు వెతకండి. జర్మన్ సైకిల్ సంఘం ఇచ్చే గుర్తు అది. ఒక్క రాత్రికైనా గది ఇస్తారు, సైకిళ్ళకి తాళం వేసే గది ఉంటుంది, తడిసిన బట్టలు ఆరేసుకునే వీలుంటుంది. ఫ్రాన్స్‌లో అయితే "అక్యూయ్ వేలో" అని ఇలాంటిదే.

కోకాపేట_కుర్రాడు (హైదరాబాద్)

సీనియర్లందరికీ నమస్తే. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద రోజూ ప్రాక్టీస్ చేస్తా. సెప్టెంబర్‌లో పది రోజులు యూరప్ వస్తున్నాం, నలుగురు ఫ్రెండ్స్. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, స్పెయిన్ ప్లాన్. సొంత ఈ-బైక్ తెచ్చుకోవచ్చా, అద్దెకి తీసుకోవాలా?

స్పోక్స్_శాస్త్రి (లక్సెంబర్గ్)

బాబూ, ఈ-బైక్ బ్యాటరీ విమానంలో రానివ్వరు. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీకి అనుమతి లేదు. నీ బైక్‌ది 400 పైనే ఉంటుంది. కాబట్టి అద్దెకే.

ఇక పది రోజుల్లో నాలుగు దేశాలు! హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కే గాలిలో 7,000 కిలోమీటర్ల పైన. అంత దూరం ఎలాగూ ఎగరక తప్పదు కాబట్టి దిగాకైనా ఒక్క చోట కాలు నిలపండి. నాలుగు దేశాలు తిరిగితే రైళ్ళు, విమానాలే చూస్తారు, సైకిల్ మిగలదు.

అందలూసియా_ఆంధ్రుడు (కోర్దోబా)

తమ్ముడూ, శాస్త్రి గారు ఎప్పుడూ అంతే, మనసు మాత్రం వెన్న. స్పెయిన్ ఒక్కటే పెట్టుకో.

ఇక్కడ మూసేసిన రైలు మార్గాలను 1993 నుంచి సైకిల్ దారులుగా మారుస్తున్నారు. "వియా వెర్దె" అంటారు. అన్నీ కలిపితే 3,000 కిలోమీటర్లు దాటాయి. నువ్వు ఆలివ్ నూనె దారి పట్టు. హయెన్ నుంచి పుయెంతె హెనిల్ దాకా 128 కిలోమీటర్లు. ఒకప్పుడు నూనె పీపాలు మోసిన రైలు మార్గం అది. హయెన్ జిల్లాలో 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లు ఉన్నాయి. గుట్ట ఎక్కి చూస్తే అన్ని వైపులా వరసలే. పాత ఇనుప వంతెనల మీద నుంచి తొక్కుతుంటే కింద లోయ. పాత స్టేషన్ భవనాల్లో కొన్నిటిని రెస్టారెంట్లుగా మార్చారు. హయెన్‌కి మాద్రిద్ నుంచి నేరుగా రైలు ఉంది.

ఇంకోటి సియెర్రా దారి. ఓల్వెరా నుంచి పుయెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు, 4 పెద్ద వంతెనలు. తమాషా ఏమిటంటే ఆ మార్గంలో రైలు ఒక్కరోజు కూడా నడవలేదు. 1920లలో మొదలుపెట్టి సగంలో వదిలేశారు. దారిలో జాఫ్రామగోన్ అనే కొండ ఉంది, రాబందుల స్థావరం. పొద్దెక్కాక వేడి గాలి లేస్తుంటే అవి రెక్క కదపకుండా తలపైనే చక్కర్లు కొడతాయి. ఆగి చూడు. ఓల్వెరా వైపు నుంచి మొదలుపెడితే ఎక్కువ భాగం దిగుడే. అక్కడికి మాత్రం బస్సే, రైలు లేదు.

సెప్టెంబర్ మొదట్లో ఇక్కడ ఇంకా మండిపోతూ ఉంటుంది. అక్టోబర్‌కి జరుపుకోగలిగితే జరుపుకో. నీళ్ళు రెండు లీటర్లకి తక్కువ పెట్టుకోవద్దు, నీడ సొరంగాల్లో తప్ప దొరకదు. హైదరాబాద్ ఎండ తెలుసులే అనుకోకు, ఇది పొడి ఎండ, చెమట తెలియదు.

కోకాపేట_కుర్రాడు (హైదరాబాద్)

థాంక్యూ అన్నా. గ్రూప్‌లో పెట్టాను. ముగ్గురు ఓకే, ఒకడికి మాత్రం వెనిస్ లేకపోతే ఇంట్లో గొడవట.

ఇసార్_గట్టు (మ్యూనిక్)

అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో కూర్చుని చర్చించాం. పాప వెన్‌బాన్, నైసె రెండూ చూసి, ఒకే నది మీద రెండు దేశాల స్తంభాలు ఉన్నదే కావాలంది. కాబట్టి జిట్టావ్ నుంచి ఫోర్స్ట్, గోర్లిట్స్‌లో రెండు రాత్రులు. పద్మ గారు చెప్పిన ఒకే చోట మకాం పద్ధతి శరదృతువులో వారాంతానికి పనికొస్తుంది. గ్రీన్ వేలో రెండేళ్ళ తర్వాత, రైడర్ తమ్ముడు అక్కడే ఉంటే.

రెండు సందేహాలు. పాప సైకిల్ చిన్నది, 24 అంగుళాల చక్రం. దానికి కూడా రిజర్వేషన్ చేయాలా? పల్లెల్లో ఆదివారం తిండి ఎలా?

చక్రధారి (డ్రెస్డెన్)

చేయాలి. రైలు వాళ్ళ లెక్కలో అదీ ఒక సైకిలే. పిల్లలకి టికెట్టు ధర తగ్గుతుంది కానీ చోటు మాత్రం విడిగా తీసుకోవాలి. మూడు సైకిళ్ళకీ ఒకేసారి బుక్ చేయండి, లేకపోతే మూడోది వేరే రైల్లో పడుతుంది.

ఆదివారం దుకాణాలన్నీ మూతే. బేకరీలు పొద్దున కొన్ని గంటలు తీస్తారు, అదీ కాస్త పెద్ద ఊళ్ళలో. ఆదివారం గోర్లిట్స్‌లో ఉండేలా రోజులు అమర్చుకోండి, హోటళ్ళు ఉంటాయి, వంతెన అవతల పియెరోగి ఉంటుంది. ఫింగ్స్ట్ సోమవారం కూడా సెలవే, కాబట్టి శనివారం సాయంత్రానికే రెండు రోజుల సరుకు కొనేయండి. పులిహోర పేస్టు, అటుకులు తెచ్చుకుంటే ఇంకా నిశ్చింత. స్టవ్ మాత్రం అడవిలో వెలిగించకండి. బ్రాండెన్‌బర్గ్ పైన్ అడవులు వేసవిలో ఊరికే అంటుకుంటాయి, ప్రమాద స్థాయి 1 నుంచి 5 దాకా రోజూ ప్రకటిస్తారు.

ఇంకోటి, తేదీలు ముందుకి జరిపితే మే నెలలో ఆరోహణ పండుగ గురువారం మాత్రం తప్పించుకోండి. ఆ రోజు ఇక్కడ "తండ్రుల దినం". మగవాళ్ళంతా బీరు పెట్టెలు తోపుడుబండ్లలో వేసుకుని సైకిల్ దారుల మీదే ఊరేగుతారు.

ఓరుగల్లు_రైడర్ (బియావిస్తోక్, పోలండ్)

ఇసార్ అన్నా, వంతెన దాటి తినేటప్పుడు జ్వోటీలు, అంటే పోలండ్ డబ్బులు, కొంచెం చేతిలో ఉంచుకో. కార్డు అన్నిచోట్లా నడుస్తది కానీ, యూరోలు ఇస్తే వాళ్ళు చెప్పిన రేటే రేటు. బెజ్ స్క్వారెక్ మర్చిపోకు.